సరుగుడు తోట: పలచన చేయాలా, ఒకేసారి కొట్టాలా?

ఈ జనవరిలో మా రెండెకరాల సరుగుడు తోటలో వరస విడిచి వరస కొట్టించి పలచన చేశాను. అప్పటినుంచి అంతర్వేది వైపు చుట్టాలు ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న: "బావా, పలచన చేస్తే లాభమేనా, లేక నాలుగో ఏడు దాకా వదిలేసి ఒక్కసారే కొట్టించనా?"

పలచన చేసినంత మాత్రాన తోట మొత్తం బరువు పెరగదు. మీటరు ఎడంతో నాటితే ఎకరానికి 4000 చెట్లు. సగం తీస్తే వాటి ఎండా నీరూ మిగిలిన 2000కి దక్కి అవి లావెక్కుతాయి, అంతే. కాగితం మిల్లుకి టన్నుల లెక్కన తోలేవాళ్లకి ఆ లావుతో పనేముంది? కూలి దండగ. సెంట్రింగ్‌కీ పాకలకీ కర్రల లెక్కన అమ్మేవాళ్లకైతే లావుకి ధర పలుకుతుంది, తీసిన సన్నకర్ర కూడా పందిళ్లకి పోతుంది. నాది ఈ రెండో బేరం.

కానీ అసలు సంగతి గాలి. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఒత్తుగా ఉన్న చెట్లు ఎండ కోసం ఎగబాకుతాయి, ఒకదాని అండతో ఒకటి నిలబడతాయి. తీయించే ముందు ఒక చెట్టుకి టేపు చుట్టాను. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 19 సెంటీమీటర్లు, అంటే అడ్డం ఆరు. పొడవు ఎనిమిది మీటర్లు. అడ్డానికి 130 రెట్లు! 100 దాటితే చాలు, గాలికి జంకాలి. ఇలాంటి తోటని సెప్టెంబరులో పలచన చేస్తే తుపానుకి చేతులారా అప్పగించినట్టే. జనవరిలో తీస్తే కాండం గట్టిపడడానికి తొమ్మిది నెలలు దొరుకుతాయి. అయినా పైరగాలి మొదలయ్యాక టెన్షన్ తప్పలేదు. చెట్లు ఊగిన ఊపుకి మొదళ్ల చుట్టూ ఇసుక విచ్చుకుని గరాటుల్లా గుంటలు పడ్డాయి. మట్టి ఎగదోయించాను. సముద్రం వైపు నాలుగు వరసలు మాత్రం గాలికి అడ్డుగా ఉండాలని ముందే ముట్టుకోనివ్వలేదు.

సరుగుడు బదులు జామాయిల్ వేయొచ్చుగా అంటారా? అది కొట్టాక మోడు నుంచి మళ్లీ పిలకలేస్తుంది, నిజమే. మా ఇసుకలో నాకు సరుగుడే నచ్చింది. టేకంటారా, అది మనవల కోసం, గట్ల మీద నాలుగు మొక్కలు చాలు.

పక్క తోట ఆయనకి మూడో ఏడు నిండింది, పలచన చేయనా అని మొన్న అడిగారు. మీది మిల్లు సరుకు, పైగా చెట్లు అప్పుడే వాసాల్లా పొడుగు సాగాయి, వద్దండీ అన్నాను. లారీ ఎప్పుడొస్తుందో కనుక్కోమన్నాను.