తాటిపూడి, ఆండ్ర, మడ్డువలస: చేపల శిక్షణ వెంట నాలుగు రోజులు

విజయనగరం జిల్లా జలాశయాల మీద బతికే గిరిజన కుటుంబాలకు చేపల వేట మీద, పట్టిన చేపను పాడవకుండా దాచుకోవడం మీద శిక్షణ ఉందంటే, మా సంఘాల నుంచి వెళ్తున్న పదకొండు మంది ఆడవాళ్ళకి తోడుగా నేనూ బయల్దేరాను. ఫిబ్రవరి మొదటి వారం, పొద్దున్న చలి, మధ్యాహ్నానికి ఎండ. ఇలాంటి శిక్షణలకి తమవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఎక్కడ ఉంటే బాగుంటుందో, ఏది పనికొచ్చిందో, ఏది వృథా అయిందో తెలుస్తుందని రాస్తున్నాను.

మొదటి రాత్రి విజయనగరంలో, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక లాడ్జి. గది 900. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, మంచినీళ్ళు అడిగితే తెచ్చిచ్చారు. కానీ అందరి ఆధార్ కార్డులూ కావాలని కౌంటర్ దగ్గర పట్టుబట్టారు, ముగ్గురు తేలేదు, గంటసేపు అక్కడే నిలబడ్డాం. కొండ మీద ఊళ్ళ నుంచి మనుషుల్ని తీసుకొచ్చేటప్పుడు ముందురోజే ఫోన్‌లో కార్డుల ఫొటోలు పెట్టుకోండి. వేణ్ణీళ్ళు ఆరు తర్వాతే వస్తాయి, మావాళ్ళు నాలుగున్నరకే లేచి చన్నీళ్ళు పోసుకున్నారు.

విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా తాటిపూడికి సుమారు గంట. గోస్తని మీద కట్టిన జలాశయం, 1968కి పూర్తయింది, విశాఖకి తాగునీళ్ళు ఇక్కడి నుంచీ వెళ్తాయి. గట్టు మీద నిలబడితే మూడు పక్కలా కొండలు, అవతలి ఒడ్డున గిరిజన గూడేలు. ఎక్కువమంది కొండదొర తెగవాళ్ళు. రెండో రాత్రి నీళ్ళకి దగ్గర్లోనే కాటేజీలో ఉన్నాం. గదికి 1500, పొద్దున్న తలుపు తీస్తే కనిపించేది చూశాక ఎక్కువనిపించలేదు. అయితే రాత్రి భోజనం సాయంత్రం నాలుగు లోపే చెప్పాలి, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఏడింటికి అడిగితే గుడ్లు, అన్నం తప్ప ఏమీ లేవన్నారు. చేపల కోసం వచ్చి గుడ్ల పులుసు తిన్నాం, పులుసు మాత్రం బాగుంది. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి కాటేజీయే మంచిది, గుంపుగా వెళ్తే విజయనగరంలో ఉండి పొద్దున్నే రావడమే నయం.

శిక్షణ మొదటి పూట కమ్యూనిటీ హాల్లో పెట్టారు. అది వృథా. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, మైకు గరగర, వెనక వరసలో పసిపిల్లల ఏడుపు. నలభై మంది రెండు గంటలు ఓపిగ్గా కూర్చున్నారంటే టీ వస్తుందనే. టీ అయ్యాక శిక్షకుల్లో ఒకాయన, విశాఖ నుంచి వచ్చినాయన, అందర్నీ ఒడ్డుకి తీసుకెళ్ళి మీ వలలు తెండి అన్నాడు. అక్కణ్ణుంచే అసలు శిక్షణ మొదలైంది.

తంగూసు (సన్నటి నైలాన్ దారం) వల కన్నుని రెండు చేతులతో బిగించి లాగి ఒక ముడి నుంచి ఎదుటి ముడి దాకా కొలవాలని చూపించాడు. చాలా వలలు రెండు అంగుళాలే వచ్చాయి. ఆ కంట్లో అరచేయంత బొచ్చె పిల్ల కూడా చిక్కుతుంది, నాలుగు అంగుళాల కన్నయితే అది దూరి వెళ్ళిపోతుంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు వరదనీటి పారుడు కావాలి. అందుకే జలాశయంలో ఏటేటా పిల్లల్ని వదలాల్సి వస్తుంది. 1957లో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతి సాధించాకే హేచరీల్లో పిల్లల్ని తయారుచేయడం వీలైందట, అంతకుముందు నదుల్లో ఏరుకురావడమే. ఇన్ని ఇబ్బందులు పడి తెచ్చి వదిలిన పిల్లని నాలుగు నెలలకే వలేసి లాగేస్తే కేజీ అయ్యేదెప్పుడు అని అడిగాడు. తెగిపోయి నీళ్ళడుగున ఉండిపోయిన తంగూసు ముక్క కుళ్ళదని, ఎవరూ తియ్యకపోయినా చేపల్ని చంపుతూనే ఉంటుందని కూడా అన్నాడు. దీనికి మాత్రం ముసలివాళ్ళందరూ తలలూపారు, వాళ్ళు చూసిన సంగతే.

చిన్న చేపల దగ్గర మాత్రం ఒకావిడ ఊరుకోలేదు. "సిన్నయి వదిలీమంటే వదిలీగలం బాబూ. పెద్దయి పడ్డ రోజు కొనేవోడు కేజీ ఎనభై అంటాడు, పొద్దెక్కితే అరవై అంటాడు. సిన్నయి కూడా కలిపితేనే గదా ఇంటికేటైనా వచ్చేది" అంది. హాల్లో ఉన్నంతసేపూ ఎవరూ నోరు విప్పలేదు, ఒడ్డు మీదకి వచ్చాక ఒక్కొక్కరూ మాట్లాడారు. నేను ఈ నాలుగు రోజుల్లో విన్నవాటిలో ఇంతకన్నా ముఖ్యమైన మాట లేదు. సాయంత్రం వల కట్టి తెల్లారగట్ల తీస్తారు, అప్పటికే కొన్ని చేపలు చచ్చి గంటలు గడిచి ఉంటాయి, కొనేవాడు ఎనిమిదింటికో తొమ్మిదింటికో వస్తాడు, దగ్గర్లో ఐసు లేదు. చేప మెత్తబడేకొద్దీ ధర పడిపోతుంది, ధర పడిపోయేకొద్దీ వల కన్ను చిన్నదవుతుంది. వేటకో క్లాసు, నిల్వకో క్లాసు అని విడివిడిగా పెట్టారుగానీ ఆ ఒడ్డున బతికేవాళ్ళకి ఈ రెండూ ఒకటే.

ఆ శిక్షకుడు ఆవిడ మాటకి జవాబు చెప్పకుండా పొద్దున్న పట్టిన రెండు శీలావతులు తెప్పించాడు. ఇంచుమించు ఒకే సైజువి. ఒకదాన్ని కడిగి, దంచిన ఐసులో పెట్టాడు, కేజీ చేపకి కేజీ ఐసు లెక్కన. రెండోదాన్ని చెట్టు నీడన గోనె మీద వదిలేశాడు. మధ్యాహ్నం రెండు గంటలకి ఆ రెండు చేపల్నీ పక్కపక్కన పెట్టి అందర్నీ వేలితో నొక్కమన్నాడు. ఐసులోది నొక్కిన చోట గట్టిగా ఉంది, వేలు తియ్యగానే చర్మం పైకొచ్చేసింది, మొప్పలు ఎత్తితే ఎర్రగా, తడిగా ఉన్నాయి. గోనె మీదదాన్ని నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది, మొప్పలు ఇటుకరంగుకి తిరిగాయి, కన్ను లోపలికి పోయి తెల్లపొర కమ్మింది. వాసన సంగతి చెప్పక్కర్లేదు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఇందాక గట్టిగా అడిగినావిడే వచ్చి ఐసు చేపని రెండుసార్లు తిప్పి చూసి, "దిమ్మ ఎంతకొస్తది?" అంది.

మూడో రోజు ఆండ్ర. గజపతినగరం దాకా బస్సు, అక్కణ్ణుంచి మెంటాడ మీదుగా ఆటో. చంపావతి మీద జలాశయం, తాటిపూడిలా టూరిస్టుల హడావిడి లేదు, హోటల్ కూడా లేదు, టిఫిన్ గజపతినగరంలోనే తినేసి వెళ్ళాలి. వ్యాను ఏర్పాటు చేసినవాళ్ళు ఎనిమిదికి అని చెప్పి పదింటికి పంపారు, మేం అప్పటికే ఆటోలు మాట్లాడుకుని వెళ్ళిపోయాం. ఆ రెండు గంటలకి కూలి పోగొట్టుకుని కూర్చునేవాళ్ళు ఉంటారని గుర్తుంచుకుంటే బాగుండేది. బాత్‌రూమ్ ఒక్కటే, అదీ తాళం వేసి ఉంది. అంతమంది ఆడవాళ్ళని పిలిచినప్పుడు ముందు చూసుకోవాల్సింది అదే కదా.

కానీ పని నేర్పించిన తీరులో ఆండ్రకే నా ఓటు. పొద్దున్న ఉప్పు చేప, మధ్యాహ్నం పచ్చడి. వీపు వైపు నుంచి చీల్చి పుస్తకంలా తెరిచి, వెన్నుముల్లు పక్కన నల్లగా పేరుకున్న రక్తాన్ని గోటితో గీకి, మంచినీళ్ళతో కడిగి, 4 కేజీల చేపకి కేజీ చొప్పున ఉప్పు పట్టించారు. మావాళ్ళు ఇన్నాళ్ళూ చేపల్ని నేల మీద, బండల మీద ఆరేసేవాళ్ళు. ఇసుక, ఈగలు, కుక్కలు అన్నీ దాని మీదే. నడుమెత్తు కర్రల మీద వల పరిచి ఆరేస్తే కిందనుంచీ గాలి తగిలి తొందరగా ఆరుతుంది, శుభ్రంగా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. వానాకాలంలో ఎలా అని అడిగితే, సిఫ్ట్ అనే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఎండ లేనప్పుడు గ్యాసుతోనో కరెంటుతోనో నడిచే సోలార్ డ్రైయర్లు తయారుచేసిందని, వాళ్ళ పరిశోధన కేంద్రం ఒకటి విశాఖలోనే ఉందని చెప్పారు. ఒక్క ఇల్లు కొనగలిగేది కాదు, సంఘం కొనగలదు.

పచ్చడిలో మావాళ్ళ చెయ్యి ముందే తిరిగి ఉంది, వాళ్ళకి కొత్తవి రెండే. సీసాని మరగబెట్టి పూర్తిగా ఆరబెట్టడం, నిమ్మరసం బదులు కొలిచి వెనిగర్ వెయ్యడం. అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ అనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ కావాలి, మేం వెళ్ళినప్పుడు చిన్నవాళ్ళకి ఏడాదికి 100 రూపాయల ఫీజే. పేగులూ పొలుసూ నీళ్ళలో పారెయ్యద్దని గట్టిగా చెప్పారు, అంతే బరువు బెల్లంతో ఊరబెడితే చేలకి చల్లుకునే మీనామృతం అవుతుంది. తాటిపూడిలో ఈ మాట ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళకి తాగునీళ్ళిచ్చే చోట ముందు చెప్పాల్సింది ఇదే.

నాలుగో రోజు మడ్డువలసకి శిక్షణ కోసం కాదు, చూడ్డానికి వెళ్ళాం. సువర్ణముఖి, వేగావతి కలిసే చోట కట్టారు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. రాజాం నుంచి వంగర వైపు బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము దిగగానే కనుక్కోండి. దగ్గర్లో సంగం ఉంది, నాగావళి కూడా వచ్చి కలిసే చోటు, మావాళ్ళు సంగమేశ్వరుడికి దండం పెట్టుకున్నారు. ఒడ్డున ఒకతను పాత ఫ్రిజ్ డబ్బాని పడుకోబెట్టి ఐసు పెట్టెగా వాడుతుంటే మావాళ్ళు చుట్టూ చేరి మూత ఎత్తి, దించి, లోపల చెయ్యి పెట్టి చూశారు.

పది రోజులకి ఫోను వచ్చింది. తాటిపూడి అవతలి ఒడ్డున నాలుగిళ్ళవాళ్ళు కలిసి అలాంటి డబ్బా ఒకటి కొన్నారు. ఐసు దిమ్మని పొద్దున్నే ఆటోలో వేసుకొచ్చి పడవ దాకా దించడానికి ఆటో అతను నలభై అడుగుతున్నాడట, వీళ్ళు పాతిక అంటున్నారు. "నువ్వొచ్చి ఓ మాట చెప్పప్పా" అన్నారు. శనివారం వెళ్తున్నాను.