వండర్‌లాకి ఏ బ్యాగు, రామోజీకి ఏ బ్యాగు

థీమ్ పార్కుకి బయల్దేరేటప్పుడు ఎక్కువ సామాను పట్టే బ్యాగు కోసం వెతుకుతాం. ముందు తేల్చుకోవాల్సింది, అందరూ రైడ్ ఎక్కినప్పుడు ఆ బ్యాగు ఎక్కడ ఉంటుందన్నది. కింద కూర్చుని చూసుకునే అమ్మమ్మో తాతయ్యో వెంట ఉంటే ఒక లెక్క, నలుగురూ ఎక్కేవాళ్లే అయితే ఇంకో లెక్క.

హైదరాబాద్ వండర్‌లా 2016లో మొదలైంది, ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర రావిర్యాలలో ఉంటుంది. అక్కడ నేల మీది రైడ్లూ ఉన్నాయి, నీళ్లవీ ఉన్నాయి. బట్టలు మార్చుకునే చోట ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు వెళ్లాలి. అందరి బట్టలూ ఒకే పెద్ద బ్యాగులో కుక్కితే అది ఒక వైపే వెళ్తుంది, రెండోవైపు పిల్లాడు తడిబట్టలతో వణుకుతూ నిలబడతాడు. అందుకే 40 లీటర్ల బ్యాగు ఒక్కటి కాకుండా 18, 20 లీటర్లవి రెండు తీసుకెళ్లండి: అమ్మ, అమ్మాయి బట్టలు ఒకదాంట్లో, నాన్న, అబ్బాయి బట్టలు ఇంకోదాంట్లో. లోపల కూడా ఎవరి జత వాళ్లకి విడిగా కవర్లో చుట్టి పెడితే తడిచేత్తో వెతుక్కునే పని ఉండదు.

బ్యాగు మెత్తటిదై ఉండాలి. అద్దెకిచ్చే లాకర్లో గట్టి అడుగున్న స్కూలు బ్యాగు సర్దడం కష్టం, మెత్తని నైలాన్ బ్యాగు నొక్కితే అణుగుతుంది. లాకర్లో సాయంత్రం దాకా అక్కర్లేనివే పెట్టండి. నీళ్ల సీసా, మందులు, సన్‌స్క్రీన్ కూడా అందులో పెట్టారంటే రోజంతా లాకరు చుట్టూ తిరగడమే సరిపోతుంది.

నీళ్ల రైడ్లకి నైలాన్ లాంటి సింథటిక్ దుస్తులు కావాలి, చీర, చుడీదార్‌తో పంపరు. అక్కడి దుకాణంలోనూ దొరుకుతాయి గానీ, ఇంటినుంచి తెచ్చుకుంటే ఆ ఖర్చు మిగులుతుంది. టర్కీ టవల్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. పొడిగా అరకిలో ఉన్నది తడిస్తే కిలో దాటుతుంది, సాయంత్రానికీ ఆరదు. పల్చటి నూలు తుండుగుడ్డ బాగా పిండొచ్చు, తొందరగా ఆరుతుంది. నలుగురికి మూడు చాలు.

ఇక తడిబట్టలు. పదికిలోల బియ్యం సంచి సరిపోతుందనుకుంటారు గానీ, నేత సందుల్లోంచీ కుట్ల దగ్గరా నీళ్లు కారి కారు సీటు తడుస్తుంది. మూతిని చుట్టి క్లిప్ పెట్టే వాటర్‌ప్రూఫ్ సంచి, 10 లీటర్లది, మేలు. దీన్ని మూడొంతుల్లో రెండొంతులే నింపాలి. నిండా కుక్కితే మూతి చుట్టడానికి చోటుండదు, ఒక్క మడత వేసి క్లిప్ పెడితే నీళ్లు బయటికొస్తాయి. మూడు నాలుగు మడతలు పడాలి. బట్టలు పిండాకే పెట్టండి. రంగు పోయే కొత్త టీషర్టు ఉంటే దాన్ని వేరే కవర్లో వేయండి. ఎండలో నిలిపిన కారులో రెండు గంటలు మూసి ఉంటే ఆ రంగంతా తెల్లబట్టలకి ఎక్కుతుంది.

ఫోను, కార్డు, మందుబిళ్లలకి నడుముకి కట్టే చిన్న జిప్పు పౌచ్ ఉండాలి. రీకాయిల్ లాంటి తలకిందులయ్యే రైడ్ దగ్గర దాన్నీ తీసేయాల్సిందే, కాబట్టి వంతులవారీగా ఒకరు కింద ఉండాలి. ఫోనుకి మెడలో వేసుకునే వాటర్‌ప్రూఫ్ కవరు కొంటే ముందు ఇంట్లో పరీక్షించండి: లోపల టిష్యూ కాగితం పెట్టి మూసి, బకెట్ నీళ్లలో అరగంట ముంచండి. కాగితం ఏమాత్రం తడిసినా ఆ కవరు వాడొద్దు. కారు రిమోట్ తాళంచెవిని నీళ్ల రైడ్లకి అసలు తీసుకెళ్లకండి, దాని చోటు లాకరే.

బయటి తిండి లోపలికి రానివ్వరు. పసిపిల్లల ఆహారం, మందులు బ్యాగు పైభాగంలో పెడితే గేటు దగ్గర అంతా కుమ్మరించకుండా చూపించొచ్చు.

విజయవాడ హైవే మీది రామోజీ ఫిల్మ్ సిటీలో కథ వేరు. లోపల బస్సుల్లో తిప్పుతారు, ఎన్నోసార్లు ఎక్కి దిగాలి, మధ్యలో ఎండలో నడక. ఒక భుజానికి వేసుకునే చేతిసంచి ప్రతి మెట్టు దగ్గరా జారుతుంది. వీపు బ్యాగే మంచిది, కూర్చున్నప్పుడు ఒళ్లో పట్టేంత పొట్టిది. గొడుగు, టోపీలు పక్క జేబుల్లో ఉండాలి. బరువంతా నీళ్లదే: నలుగురికి తలో లీటరు అంటే నాలుగు కిలోలు. అరలీటరు సీసాలు పట్టుకెళ్లి నింపుకుంటూ ఉంటే ఒకరి భుజం మీదే భారం పడదు.

రాత్రి రైల్లో దిగి నేరుగా పార్కుకి వెళ్లేవాళ్లు సూట్‌కేసుని స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టొచ్చు, తాళం లేని సామాను అక్కడ తీసుకోరు. ఫిల్మ్ సిటీలోనే సితార హోటల్లోనో తార హోటల్లోనో దిగితే ఆ బెడద లేదు. అనంతపురం, కర్నూలు వైపువాళ్లు వెళ్లే బెంగళూరు వండర్‌లాకి, బిడది దగ్గర, పక్కనే సొంత రిసార్టు ఉంది. గది దగ్గర్లో ఉంటే తడిబట్టల సంచితో పనే లేదు, ఒక చిన్న బ్యాగు చాలు.

అమెరికాలో పిల్లల దగ్గరికెళ్లి ఓర్లాండో థీమ్ పార్కులు చూసేవాళ్లకి లెక్క తారుమారవుతుంది. డిస్నీ వరల్డ్‌లోకి ఇంటి తిండి తీసుకెళ్లొచ్చు, కాబట్టి పులిహోర డబ్బాకి చోటు ఉంచుకోండి, గాజు సీసాలు మాత్రం వద్దు. బ్యాగైనా, తిండి చల్లగా ఉంచే కూలర్ డబ్బా అయినా 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. విడి ఐసుముక్కలు ఒప్పుకోరు, బదులుగా జెల్ ప్యాకులు పెట్టుకోండి. పసిపిల్లల్ని తోసుకెళ్లే బండి (స్ట్రోలర్) 31 అంగుళాల వెడల్పు, 52 పొడవు మించకూడదు. అక్కడి ఇంకో పార్కు యూనివర్సల్‌లో కొన్ని కోస్టర్ల ముందు మెటల్ డిటెక్టర్ ఉంటుంది, అక్కడ ఫోను సైతం లాకర్లో పెట్టాల్సిందే. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు వెనక బిగించే పట్టీ తీసుకెళ్లడం మరవొద్దు.