గట్టు మీంచి గాలం వేసేవాళ్ళకి గూగుల్ ఎర్త్ ఎంతవరకు పనికొస్తుంది

ఫిషింగ్ స్పాట్లు చూపిస్తాం అనే యాప్‌లు బోలెడున్నాయి, అందులో ఒకదానికి నేను డబ్బులు కూడా కట్టా, పేరెందుకులే గానీ దాంట్లో పిన్నులన్నీ కార్ పార్కింగ్ పక్కనే ఉంటాయి. అంటే మనిషి సులువుగా నడిచెళ్ళే చోటే స్పాట్ అన్నమాట, చేప సంగతి వాళ్ళకి పట్టలేదు. దాన్ని తీసేసి ఫ్రీగా దొరికే గూగుల్ ఎర్త్‌తోనే తీరం వెతుకుతున్నా, పడవ లేకుండా గట్టు మీంచి వేసేవాళ్ళకి ఇదే బెటర్ అని నా అభిప్రాయం.

దీంట్లో అసలు సరుకు పైనుంచి తీసిన పాత ఫొటోలు. కంప్యూటర్ వెర్షన్‌లో 2009 నుంచీ ఉన్నాయి, ఫోన్లో, బ్రౌజర్లో 2024లో ఇచ్చారు. ఒక్క ఫొటో చూసి ఆహా ఇక్కడ నల్లగా ఉంది లోతుంది అనుకుంటే లాభం లేదు, ఎందుకంటే నల్లగా కనపడేది లోతైనా కావచ్చు, రాయైనా కావచ్చు, నాచైనా కావచ్చు. అదే వేరే వేరే ఏళ్ళ ఫొటోలు వరసగా తిప్పితే విషయం బయటపడుద్ది, ప్రతి ఫొటోలో అదే ఆకారంలో అక్కడే ఉంటే అది రాయో నాచో, ఒకసారి ఇటు ఒకసారి అటు జరుగుతుంటే అది ఇసుకలో పడ్డ గాడి. రెండూ చేపలుండే చోట్లే గానీ రాయైతే వచ్చే ఏడు కూడా ఉంటది, గాడి ఒక్క తుఫానుకి పూడిపోద్ది, కాబట్టి గాడి కావాలంటే అన్నిటికన్నా కొత్త ఫొటోనే చూడాలి. ఏటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు కూడా అంతే, ఇసుక మేట వేసిన కొద్దీ పక్కకి జరుగుతూ ఉంటది.

నురగని కూడా చూడండి. లోతు తక్కువున్న చోట అల విరిగి తెల్లగా కనపడుద్ది, ఇసుక మేట మీద ఆ తెల్లగీత పొడుగ్గా వచ్చి మధ్యలో ఒకచోట తెగిపోయి అక్కడ నీళ్ళు ముదురు రంగులో ఉన్నాయంటే అది మేటలో పడ్డ సందు, ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి సముద్రంలోకి పోయే దారి. ఎరకి అంతకన్నా మంచి చోటు ఉండదు, కానీ లోపలికి లాగేసే ప్రవాహం కూడా అదే కాబట్టి పక్కనే పొడి ఇసుక మీద నిలబడి వేయాలి గానీ నీళ్ళలోకి దిగకూడదు, పైకి ప్రశాంతంగా కనపడుద్ది, అదే దాని మోసం.

రూలర్ టూల్‌ని చాలామంది పట్టించుకోరు. నీళ్ళ అంచు నుంచి గాడి దాకా కొలవండి, 40, 50 మీటర్లైతే హాయిగా అందుద్ది, 150 ఉంటే ఎంత మంచి గాడైనా మామూలు రాడ్డుతో మనకి దండగ. చాలాచోట్ల గాడి కాళ్ళ ముందే ఉంటది, మనవాళ్ళు దాన్ని దాటించి దూరంగా విసిరేసి చేపల్లేవంటారు 😀

ఇక లోపాలు. ఫొటో తేదీ చూపిస్తుంది గానీ టైం చూపించదు, కాబట్టి అప్పుడు సముద్రం పోటు మీదుందో ఆటు మీదుందో తెలీదు, తడి ఇసుక ఎంత వెడల్పుందో చూసి ఊహించుకోవడమే. కొన్నిచోట్ల రెండు రోజుల ఫొటోలు అతికించి ఉంటాయి, సముద్రం మధ్యలో రంగు గీత గీసినట్టు మారిపోతే లోతు మారిందని కాదు. కర్సర్ కింద కనపడే సముద్రం లోతు అంకెని ఒడ్డు దగ్గర అస్సలు నమ్మొద్దు. ఈమధ్య ఫొటోలు కావాలంటే కోపర్నికస్ బ్రౌజర్ అనే యూరప్ వాళ్ళ వెబ్‌సైట్ చూడండి, అదీ ఫ్రీనే, దాంట్లో సెంటినెల్-2 ఉపగ్రహాల ఫొటోలు మబ్బు లేకపోతే దాదాపు 5 రోజులకొకటి వస్తాయి, ఫొటోలో ఒక్కో చుక్క అంటే అక్కడ 10 మీటర్లు కాబట్టి చిన్న గాడి కనపడదు గానీ మొగ ఎటు తిరిగిందో, బురద నీళ్ళు ఎక్కడిదాకా పోతున్నాయో బాగా తెలుస్తుంది.

ఎంత వెతికినా అమావాస్యకో పౌర్ణమికో అటూఇటూగా, ఆటు బాగా తీసినప్పుడు ఒకసారి ఖాళీ చేతులతో వెళ్ళి చూసుకోవాల్సిందే, అప్పుడు మామూలుగా మునిగుండే గుంటలు, రాళ్ళు చాలావరకు బయటపడతాయి, ఫోన్లో లొకేషన్ గుర్తు పెట్టుకుని మళ్ళీ పోటు ఎక్కేటప్పుడు రాడ్డు తీసుకెళ్ళండి. చాలా తీరాల్లో ఆటు నుంచి పోటుకి సుమారు 6 గంటలు, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుద్ది, అయినా ఆ తీరం టైడ్ టేబుల్ (పోటు, ఆటు వేళల పట్టిక) చూసుకోండి.

ఫోన్ వెర్షన్‌లో జూమ్ చేసేటప్పుడు వేలే గాడిని కప్పేస్తుంది, వెతకడానికి కంప్యూటరే వాడండి. హార్బర్ హద్దులు, గాలం వేయకూడని చోట్లు తెలుసుకోడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, అవి అక్కడి బోర్డులు చూసి, అక్కడి వాళ్ళని అడిగి తెలుసుకోవడమే.