285 డాలర్లు పోసి కొండ మధ్యలో ఆగిపోయాం

ఆక్లండ్‌ వెళ్తే వన్ ట్రీ హిల్‌కు మాత్రం టూర్ కట్టకండి. మేం మనిషికి 95 చొప్పున ముగ్గురికీ 285 న్యూజిలాండ్ డాలర్లు పోశాం. బ్రోషర్‌లో 'అగ్నిపర్వత శిఖరం' అని పెద్దక్షరాలతో ఉంది. తీరా చూస్తే డ్రైవరు సగం కొండకే వ్యాను ఆపి, పైకి బండ్లను పోనివ్వరని చెప్పాడు. పదిహేను నిమిషాల్లో ఫొటోలు దిగి రమ్మన్నాడు. ఆ సంగతి డబ్బు తీసుకునేటప్పుడు తెలియదా? అత్తయ్య దారి పొడుగునా నోరు విప్పలేదు. మా ఆవిడ హోటల్ చేరేదాకా నన్ను వదల్లేదు.

మర్నాడు గ్రీన్‌లేన్ దాకా రైల్లో వెళ్లి, కార్న్‌వాల్ పార్కులోంచి మేమే నడిచాం. 1901లో ఆక్లండ్ వ్యాపారి జాన్ లోగన్ క్యాంప్‌బెల్ జనానికి రాసిచ్చిన పార్కు ఇది. టికెట్టు లేదు. ఊరి మధ్యలో గొర్రెలు మేస్తుంటాయి.

కొండ ఎత్తు 182 మీటర్లే. అత్తయ్యకు 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. టెన్షన్ పడ్డాను గానీ ఆగి ఆగి గంటలో ఎక్కేశారు. ఇక్కడి ఆదివాసులైన మావోరీలు దీన్ని మౌంగాకియెకియె అంటారు, అంటే కియెకియె తీగ ఉన్న కొండ. 18వ శతాబ్దంలో వాయిఓహువా అనే మావోరీ తెగ నాయకుడు కివి తామాకి కోట ఇక్కడే ఉండేది. కొండ చుట్టూ మెట్లు మెట్లుగా చెక్కిన మళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఒక మలుపులో గడ్డి కింద నలుచదరంగా గుంటలున్నాయి. కుమరా, అంటే చిలగడదుంపలు, దాచుకున్న గుంటలని చెప్పాను. అత్తయ్య వంగి, అంచు మీద చెయ్యి పెట్టి చూశారు. "ఇవి పాతర్లే కదా బాబూ! మా పుట్టింట్లో జొన్నలు ఇలాగే పాతరేసేవాళ్లు" అన్నారు. ముందురోజు ముభావమంతా అక్కడే పోయింది. ఏ ఇంట్లో ఎన్ని బస్తాలు పట్టేవో పైదాకా చెబుతూనే ఉన్నారు.

పైన క్యాంప్‌బెల్ సమాధి, మావోరీల గౌరవార్థం కట్టిన పెద్ద స్తంభం ఉన్నాయి. పేరులోని చెట్టు మాత్రం లేదు. 1994లో ఒక మావోరీ ఉద్యమకారుడు నిరసనగా రంపంతో కోశాడు, 2000లో పూర్తిగా తీసేశారు. దాని చోట 2016లో టోటారా, పొహుటుకావా మొక్కలు నాటారు. గాలి ఈడ్చి కొడుతుంది, స్వెట్టర్ తప్పనిసరి.

డబ్బు వాపసు అడుగుతూ ఆ టూర్ వాళ్లకు మెయిల్ పెట్టి పదకొండు రోజులైంది. ఇంతవరకు జవాబు లేదు.