గుంటూరులో తక్కువ ఖర్చుతో బాత్‌రూమ్ మరమ్మతు: మేస్త్రీ బృందం పనితీరు

బ్రాడీపేటలోని మా పాత ఇంటి పైవాటా బాత్‌రూమును 60 వేల రూపాయలలోపు బాగుచేయించాలని ఒక స్థానిక మేస్త్రీ బృందానికి పని అప్పగించాము. గోడల టైల్స్ గట్టిగానే ఉన్నందున వాటి జోలికి పోకుండా, నేల మాత్రమే పగులగొట్టి, వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు వేసి, జాలీలో గుడ్డ కుక్కి 48 గంటలు నీరు నిలబెట్టి చూసిన తరువాతే జారని మ్యాట్ టైల్స్ పరిచారు. కింది వాటా సీలింగులో చెమ్మ కనిపించలేదు. వేడినీటికి సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) గొట్టాలు వేశారు.

అయితే నీరు జాలీ వైపు పారేలా నేల వాటం సరిగా కుదరక కమోడ్ వెనుక మూలన చెంబెడు నీరు నిలిచేది. నాలుగు టైల్స్ తీసి మళ్లీ పరిచారు గానీ, అందుకు మూడు వారాలు తిప్పించుకున్నారు. అంతకన్నా, పగులగొట్టిన చెత్త ఎత్తించే ఖర్చు మాదేనని చివరిరోజు చెప్పడం నాకు నచ్చలేదు.