గద్దల ఫొటోలకు ఏ చోటు, ఏ బస, ఏ పడవ: బ్యారేజీ నుంచి హంసలదీవి దాకా

విజయవాడ, గుంటూరు వైపు గద్దల ఫొటోల కోసం వచ్చేవాళ్లు ముందు అడవి ఎక్కడుందో వాకబు చేస్తారు. చేప ఎక్కడ పడుతోంది, ఏ పొలంలో కోత నడుస్తోంది, కోళ్ల వ్యర్థాలు ఎక్కడ పారబోస్తున్నారు అని కనుక్కుంటే సగం పని అయినట్టే. ఇక్కడ మంచి ఫొటోలు వచ్చే చోట్లకు చాలావరకు టికెట్ ఉండదు. టికెట్ ఉన్న చోట పక్షి కన్నా జనమే దగ్గరగా దొరుకుతారు.

ప్రకాశం బ్యారేజీతో మొదలుపెట్టడం మేలు. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు 1223.5 మీటర్లు. నల్లగద్ద, గరుడ పక్షి ఏడాది పొడవునా తిరుగుతాయి. నవంబరు నుంచి మార్చి దాకా వలస వచ్చే ఆస్ప్రే, మన కోరమీను గద్ద, ఎగువన నిండుగా ఉన్న నీటి మీద వేటాడుతుంది. పొద్దున సూర్యుడు దిగువ వైపు నుంచి వస్తాడు కాబట్టి ఎగువకు తిరిగి నిలబడితే వెలుగు వెనక నుంచి పడుతుంది. సాయంత్రం దిగువకు తిరగాలి. ఈ ఒక్క విషయం పట్టించుకోకపోతే రెక్కల అడుగుభాగం నల్లటి ముద్దలా వస్తుంది, ఎంత ఖరీదైన కెమెరా అయినా అంతే. వాహనం వెళ్లిన ప్రతిసారీ కాళ్ల కింద అదురు తెలుస్తుంది, అందుకని ట్రైపాడ్ పనికిరాదు. కాలిబాటకు అడ్డం కూడా. చేత్తోనే పట్టుకోవాలి. ఎవరైనా ఆపి అడిగితే గేట్లు, యంత్రాల వైపు లెన్స్ తిప్పలేదని చూపించేలా ఉండాలి, వాదన పెట్టుకోకూడదు.

ఎక్స్‌పోజర్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. గరుడ పక్షి తల, ఛాతీ తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక రంగు. ఆకాశం ముందు ఎగురుతుంటే కెమెరా దాన్ని చీకటి చేస్తుంది, ముదురు నీటి మీదికి దిగగానే తెలుపును కాల్చేస్తుంది. ఒకే పక్షి రెండు సెకన్లలో ఆకాశం నుంచి నీటి మీదికి వస్తుంటే కాంపెన్సేషన్ చక్రం (ఫొటో వెలుగు పెంచి తగ్గించేది) తిప్పే వ్యవధి ఉండదు. మాన్యువల్‌లో ఎపర్చరు ఎఫ్/6.3, షట్టర్ వేగం సెకనులో 1/2500 వంతు, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన) 800 దగ్గర మొదలుపెట్టి, తెల్లటి ఛాతీ మీద ఈకల గీతలు కనిపిస్తున్నాయో లేదో చూసి అక్కడికక్కడ సర్దుకోవాలి. ఎండ బాగా ఉన్న పొద్దుటి పూటకు ఇది సరిపోతుంది. ఎండ ముదిరే కొద్దీ ఐఎస్ఓ తగ్గించాలి. ఆస్ప్రే దూకేటప్పుడు 1/3200 తప్పదు. చేప పట్టి లేచాక అది ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి చేప తలను గాలికి ఎదురుగా తిప్పుకుంటుంది. మంచి ఫ్రేమ్ వచ్చేది ఆ క్షణంలో. నీళ్లు చిమ్మే క్షణం కోసం బఫర్ (కెమెరా వరస ఫొటోలను పట్టి ఉంచే తాత్కాలిక మెమరీ) మొత్తం ఖర్చుపెట్టుకున్నవాళ్లకు ఇది దొరకదు.

దూరం లెక్క కూడా ముందే వేసుకోవాలి. గరుడ పక్షి రెక్కలు చాపితే సుమారు 1.2 మీటర్లు. 40 మీటర్ల దూరంలో 400 ఎంఎం లెన్స్‌తో అది సెన్సర్ మీద 12 మిల్లీమీటర్లు వస్తుంది. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌లో సగం వెడల్పు, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్‌లో మూడో వంతు. బ్యారేజీ మీద ఇంతకన్నా పెద్ద లెన్స్ మోయడం దండగ. పొలాల్లో కథ వేరు, అక్కడ 600 కావాలి.

భవానీ ద్వీపం వైపు పున్నమి ఘాట్ నుంచి పర్యాటక శాఖ పడవలు నడుస్తాయి. చూడటానికి బాగుంటుంది, ఫొటోలకు అంత గొప్పది కాదు. పడవ వేళలు పర్యాటకుల కోసం పెట్టినవి, మంచి వెలుగు పోయాక మొదలవుతాయి. వరద వస్తే మొత్తం ఆగిపోతుంది. 2024 సెప్టెంబరు వరద తర్వాత ఇక్కడి సౌకర్యాల విషయంలో ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా బయల్దేరడం తెలివైన పని కాదు. ఎక్కడైనా సరే ప్రైవేటు నాటు పడవ మాట్లాడుకుంటే మూడు షరతులు ముందే చెప్పాలి: ఇంజిన్ దూరంగానే ఆపి తెడ్డుతో నడపాలి, పక్షి బెదిరి లేచేంత దగ్గరికి పోకూడదు, కోడిపేగులు విసరకూడదు. ఈ మూడోదానికి పడవవాళ్లు నవ్వుతారు, ఎందుకంటే విసరమని అడిగేది మనవాళ్లే. పేగులు విసిరితే పది గద్దలు ఒకేసారి వస్తాయి, నిజమే. అవి ఒకదాన్నొకటి గోళ్లతో గీరుకుంటాయి. తిండి ఇచ్చేది పడవేనని నేర్చుకున్న గద్ద వలల మీదికి, గాలాల మీదికి కూడా ధైర్యంగా వస్తుంది. బ్యారేజీ చుట్టుపక్కల తెగిపడిన నైలాన్ గాలపుతాడు కాలికి చుట్టుకున్న గద్దలు కనిపించడానికి ఇదొక కారణం. షరతులకు ఒప్పుకున్న పడవవాడు కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వొచ్చు.

అసలు సంపద డెల్టా పొలాల్లో ఉంది. విజయవాడ నుంచి బందరు రోడ్డు, గుంటూరు నుంచి తెనాలి, రేపల్లె వైపు కాలవ కట్టల రోడ్లు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు మొదలయ్యాక ఎలుకలు బయటపడతాయి. అడవి రామదాసు, అంటే నల్లరెక్కల గద్ద, కరెంటు తీగల మీద కూర్చుని, లేచి, గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. దాని పొడవు 33 సెంటీమీటర్లే. 30 మీటర్ల దూరంలో 600 ఎంఎం లెన్స్‌తో ఏపీఎస్-సీ ఫ్రేమ్‌లో పావు వంతుకు కాస్త మించి వస్తుంది. కారే ఇక్కడ మంచి మాటు. పక్షికి సూటిగా బండి నడపకూడదు, దాన్ని దాటిపోతున్నట్టు ఏటవాలుగా వచ్చి, 50 మీటర్ల దగ్గర ఆపి, ఇంజిన్ కట్టేయాలి. ఇంజిన్ నడుస్తుంటే బానెట్ వేడికి ఫొటో అలలు అలలుగా వస్తుంది. దీన్ని ఆటోఫోకస్ లోపం అనుకుని సర్వీసు సెంటర్‌కి తీసుకెళ్లినవాళ్లు తక్కువేం లేరు. కిటికీ అంచున రెండు, మూడు కిలోల శనగలు నింపిన గుడ్డ సంచి పెట్టుకుంటే రెండు కిలోల లెన్స్ కూడా కదలదు. తలుపు తెరిచి కాలు కింద పెట్టారా, పక్షి పోయినట్టే. తొమ్మిదిన్నర దాటితే దుక్కి మీద వేడిగాలి లేస్తుంది, ఇక ఎంత పెద్ద లెన్స్ పెట్టినా పదును రాదు.

ఈ పొలాల్లోనే గద్దలకు అసలు ప్రమాదం కూడా. ఎలుకల మందుల్లో ఎక్కువ వాడే బ్రోమోడయోలోన్ ఎర తయారీ డెల్టా రైతులకు నోటికి వచ్చు: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు. తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులపాటు మందకొడిగా, పట్టపగలు ఆరుబయట తిరుగుతుంది. గద్దకు, గుడ్లగూబకు అంతకన్నా సులువైన వేట ఉండదు. అలాంటి ఎలుకలను వరసగా తిన్న పక్షిలో మందు పేరుకుంటుంది. మరో ఎలుకల మందు జింక్ ఫాస్ఫైడ్ వెంటనే చంపుతుంది, ఒంట్లో అలా పేరుకోదు, కాబట్టి దాన్ని తిని చచ్చిన ఎలుక నుంచి గద్దకు ముప్పు తక్కువ, మనిషికీ పశువుకూ మాత్రం నేరుగా ప్రమాదం. యానాదులు పెట్టే ఎలుక బుట్టలకు ఈ గొడవే లేదు. ఎర పెట్టిన పొలంలో చచ్చిన ఎలుకల్ని ఏరి పాతిపెట్టడం తేలికైన పనే, చేసేవాళ్లు తక్కువ. కొత్త ఊళ్లో గద్దల కోసం ఆగినప్పుడు రైతుతో ఈ మాట కదిపితే రెండు లాభాలు: గద్ద ఎక్కడ కూర్చుంటుందో ఆయనే చెబుతాడు, ఆ పొలంలో ఏం పెట్టారో కూడా తెలుస్తుంది.

కొండపల్లి అందరూ చెప్పే చోటు. కోట పై దాకా రోడ్డుంది. గద్దలు వేడిగాలి మీద తేలుతూ కొండ అంచు ఎత్తుకు వస్తాయి కాబట్టి, మెడ పైకెత్తి కాకుండా కంటికి ఎదురుగా తీసే అవకాశం ఈ చుట్టుపక్కల ఇక్కడే ఎక్కువ. కానీ పొద్దున్నే వెళ్తే ఏమీ ఉండదు. ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మధ్య చూడాలి. ఇక్కడ తరచూ ఎదురయ్యే చిక్కు వెనక చెట్లు. ఆటోఫోకస్ పక్షిని వదిలి కొండను పట్టుకుంటుంది. ఫ్రేమ్ మొత్తం పరిచే ఫోకస్ పద్ధతి మాని చిన్న జోన్ పెట్టుకోవాలి, లెన్స్‌కు ఫోకస్ పరిమితి మీట ఉంటే దగ్గరి దూరాలు కట్టేయాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పక్కనే ఉంది, గాలి ఆ వైపు నుంచి ఉన్న రోజున దూరపు ఫొటోలు బూడిద రంగు పులుముకుంటాయి. కోటకు వచ్చే జనం ఆదివారం ఎక్కువ. దిగువన మూలపాడు సీతాకోకచిలుకల పార్కు దారుల్లో జాలె డేగ (షిక్రా) కనిపించొచ్చు, ఆకుల మధ్య వెలుగు తక్కువ కనుక ఐఎస్ఓ 3200 దాకా పోవడానికి సిద్ధపడాలి.

ఉప్పలపాడు గుంటూరుకు దగ్గర, ఆటోలో వెళ్లి రావచ్చు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్లకంకణాలకు బ్రహ్మాండమైన చోటు. గద్దల కోసమే అయితే వెళ్లక్కర్లేదు. పక్షి పిల్లలను ఎత్తుకుపోవడానికి వచ్చిన గద్ద ఎప్పుడైనా దొరికితే అదృష్టం.

కొల్లేరు సరస్సు దగ్గరి ఆటపాక వేరు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. చలికాలంలో పిల్లిగద్దలు (హ్యారియర్లు) రెల్లుగడ్డి మీద తక్కువ ఎత్తున తేలుతూ వెతుకుతాయి. ఇక్కడ పడవ ఎక్కేది గూడబాతుల కోసం. పిల్లిగద్దకు మాత్రం కట్ట మీద కూర్చోవడమే మంచిది. పడవ శబ్దానికి బొల్లికోళ్లు లేస్తే వెంటపడి వస్తుందని ఆశపడతారు కానీ, వచ్చేది వీపు చూపిస్తూ దూరంగా పోయే ఫొటో మాత్రమే. పొద్దుగుంకే ముందు అరగంట కట్ట మీద మౌనంగా కూర్చుంటే అదే పక్కనుంచి పోతుంది. చుట్టూ చేపల చెరువుల మీద పక్షులు రాకుండా కట్టిన తీగలు, వలలు గరుడ పక్షి రెక్కలకు ఉచ్చులే. అలాంటిది చూస్తే చెరువు పేరు, సమయం రాసుకుని అటవీ శాఖ సిబ్బందికి చెప్పాలి.

బసల మాటకొస్తే, ఆటపాక కోసం కైకలూరులో లాడ్జీలు పరిమితం. గుడివాడలో దిగితే విజయవాడ నుంచి వచ్చే దూరంలో సగానికి పైగా తగ్గుతుంది. రైలు మార్గం కూడా విజయవాడ, గుడివాడ, కైకలూరు మీదుగానే. బ్యారేజీ కోసమైతే వన్‌టౌన్ వైపు పాత లాడ్జీలే నయం, బందరు రోడ్డు మీది హోటళ్లు సుఖంగా ఉన్నా పొద్దున అయిదింటికి టిఫిన్ ఎలాగూ ఉండదు. గది తీసుకునేటప్పుడు అడగాల్సినవి: నాలుగింటికి గేటు తీస్తారా, బ్యాటరీలకు ఎన్ని ప్లగ్గులున్నాయి, కారు లోపల పెట్టొచ్చా. ఏసీ గదిలో రాత్రంతా ఉంచిన కెమెరాను బయటికి తీసి సంచి తెరిస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, తుడిస్తే మళ్లీ పడుతుంది. జిప్ తీయకుండా అరగంట బయటి గాలిలో ఉంచడమే మందు. లేదా బ్యాగ్‌ను ఏసీ లేని చోట పెట్టాలి. లెన్స్ అద్దెకు తీసుకునేవాళ్లకు ఒక మాట: ఇక్కడి అద్దె కొట్లు పెళ్లి ఫొటోల మీద నడుస్తాయి. 70-200 సులువుగా దొరుకుతుంది, 150-600 వారం ముందు చెబితే తప్ప కష్టం. తీసుకునేటప్పుడు టార్చి వేసి లోపలి గాజు మీద సాలెగూడు లాంటి బూజు ఉందేమో చూడండి. డెల్టా తేమకు అది మామూలే.

గూళ్ల దగ్గర ఫొటోలు తీయిస్తామంటే ఆ బస, ఆ సేవ ఎంత బాగున్నా ఒప్పుకోకూడదు. సముద్ర గద్దలు చలికాలంలో, నల్లగద్ద, గరుడ పక్షి చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరే దాకా, జాలె డేగ వేసవిలో పిల్లలు చేస్తాయి. మొదటి రెండు మూడు వారాలు పిల్లలకు సొంతంగా ఒంటి వేడి అదుపు ఉండదు. 40 డిగ్రీల ఎండలో తల్లి రెక్కల నీడే ప్రాణం. మనం కింద నిలబడ్డామని తల్లి పావుగంట లేచి తిరిగినా నష్టం జరగొచ్చు. అరుస్తూ తల మీద చక్కర్లు కొడుతోందంటే ఇక అక్కడ ఒక్క ఫొటో కూడా తీయకూడదు. రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవడం, తాడుకు కట్టిన ఎలుకను చూపడం చేసే గైడ్‌ను అక్కడికక్కడే ఆపాలి. ఫొటో పంచుకునే ముందు ఫైల్లోంచి జీపీఎస్ వివరాలు తీసేసి, ఊరి పేరు కాకుండా జిల్లా పేరు రాస్తే చాలు. అభయారణ్యంలో ఫొటోగ్రఫీకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి ఉండాలి. మామూలు సందర్శకులకు గేటు దగ్గర టికెట్, కెమెరా రుసుముతో సరిపోయే చోట్లున్నాయి. డ్రోన్‌కు మాత్రం అలాంటి సడలింపు లేదు, గద్దలు దాని మీద దాడి చేసి రెక్కలు తెంచుకుంటాయి కూడా.

సంక్రాంతి రోజుల్లో వచ్చేవాళ్లు ఒక అట్టపెట్టె, పాత తువ్వాలు బండిలో ఉంచుకోవాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా చెట్ల మీద చుట్టుకున్నది తీసేవాళ్లు లేరు. దెబ్బతిన్న గద్దకు ముందు తల మీద గుడ్డ కప్పాలి, వెంటనే కాళ్లు అదుపు చేయాలి. గాయం చేసేది ముక్కు కన్నా గోళ్లే. దారం లాగితే చర్మం కోసుకుపోతుంది, రెండు వైపులా కత్తిరించి ఒంటికి చుట్టుకున్నది వైద్యుడికి వదిలేయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి రంధ్రాలున్న పెట్టెలో చీకట్లో ఉంచి అటవీ శాఖకు అప్పగించాలి. ఇంట్లో పెంచుకుంటూ నయం చేద్దామనుకోవడం చట్టరీత్యా నేరం.

హంసలదీవి, నాగాయలంక వైపు వెళ్లేవాళ్లు కనీసం ఒక రాత్రి అవనిగడ్డలోనో మచిలీపట్నంలోనో ఉండేలా చూసుకోవాలి. కృష్ణా అభయారణ్యపు మడ అడవుల అంచున తెల్లపొట్ట సముద్ర గద్ద, ఆస్ప్రే రెండూ దొరికే అవకాశం ఉంది. ఇక్కడ వెలుగు కన్నా ముందు ఆటుపోట్లు చూసుకోవాలి. పోటు మీద పాయల్లోకి వెళ్లిన పడవ ఆటు వచ్చేలోగా బయటికి రాకపోతే బురదలో కూర్చుంటుంది, మళ్లీ నీరు పెరిగే దాకా కొన్ని గంటలు ఎండలో ఆగాల్సిందే. ఆటు సమయంలో బురద మేటల మీద గద్దలు చేపల కోసం దిగుతాయి కనుక, నీరు తీస్తుండగా పెద్ద పాయలో ఉండి బయటి నుంచి తీయడం సరైన పద్ధతి. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర లెన్స్ ముందు గాజు మీద పొరలా కడుతుంది. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు తడి చేసి తుడవాలి. తాగునీరు, పెట్రోలు అవనిగడ్డలోనే నింపుకుని బయల్దేరాలి.