చేతికొచ్చే చిప్సా, టేబుల్ మీద పేరా?

పోకర్ టోర్నమెంటు సగం దాటింది. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేయాల్సిన పందేలు, అంటే బ్లైండ్లు, 1,000, 2,000. పైన యాంటీ అనే తప్పనిసరి పందెం మరో 2,000. ఎవరూ చెయ్యి వేయకముందే మధ్యలో 5,000 పడి ఉంది. మీ ముందువాళ్లంతా ఫోల్డ్ చేయగా, అంటే ముక్కలు వదిలేయగా, ఆట మీ దాకా వచ్చింది, మీ తరువాత ముగ్గురే ఉన్నారు. చేతిలో పనికిరాని రెండు ముక్కలు. పందేన్ని 4,400కి పెంచి, అంటే రైజ్ చేసి, ఆ 5,000 లాగేసుకోవాలా? లేక గంట నుంచి కూడబెట్టుకున్న 'ఈ మనిషి మంచి ముక్కలుంటేనే వస్తాడు' అనే పేరును కాపాడుకుంటూ ఫోల్డ్ చేయాలా?

ముగ్గురూ ఫోల్డ్ చేసే అవకాశం 60 శాతం అనుకుందాం. పది సార్లలో ఆరు సార్లు 5,000 వస్తాయి, నాలుగు సార్లు 4,400 పోతాయి. సగటున ఒక్కో సారికి 1,240 చిప్స్ లాభం. ఎవరైనా కాల్ చేసినా (అంతే పందెం వేసి నిలిచినా) ఫ్లాప్‌లో, అంటే టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, మనకూ అప్పుడప్పుడూ ఏదో ఒకటి తగులుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అంటే పేరు కోసం ఫోల్డ్ చేస్తే మనం చెల్లించే ధర కనీసం 1,240.

ఆ ధరకు ఏం కొంటున్నాం? ముందు ముందు ఒక పెద్ద బ్లఫ్, అంటే చెత్త ముక్కలతో పందెం వేసి బెదిరించడం, పారే అవకాశం. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందేల్లో, 30,000 ఉన్నప్పుడు 20,000 వేసి బ్లఫ్ చేశామనుకోండి. పేరు లేకపోతే ఎదుటివాళ్లు 45 శాతం సార్లు ఫోల్డ్ చేస్తారు, పేరుంటే 52 శాతం అనుకుందాం. మొదటి లెక్కన సగటు లాభం 2,500, రెండో లెక్కన 6,000. తేడా 3,500. అబ్బో అనిపిస్తుంది. కానీ అలాంటి అవకాశం రావాలి, అదీ మనల్ని గమనించిన మనిషి మీదే రావాలి, టేబుల్ విడిపోకముందే రావాలి. ఈ మూడూ కలిసొచ్చేది నాలుగింట ఒకసారి అనుకున్నా ఆ పేరు విలువ 875. పైగా ఒక్క ఫోల్డ్‌తో ఆ పేరు రాదు, అలాంటివి నాలుగైదు వదులుకోవాలి. నా ఓటు రైజ్‌కే.

క్యాష్ గేములో, అంటే నేరుగా డబ్బుతో ఆడే ఆటలో, ఈ లెక్క తిరగబడవచ్చు. అక్కడ బ్లైండ్లు పెరగవు, అవే ముఖాలు గంటల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఎదురుగా ఉంటాయి. ఈరోజు పెట్టిన పెట్టుబడి వచ్చే వారం తిరిగి రావచ్చు. టోర్నమెంటులో మన కథ తెలిసిన మనిషి పది నిమిషాల్లో ఆట నుంచి వెళ్లిపోవచ్చు, లేదా మననే లేపి వేరే టేబుల్‌కు పంపవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే ఎదుటివాడు ఒకేసారి నాలుగు టేబుళ్లు ఆడుతుంటాడు. మన గంట తపస్సు అతని కంట పడనే పడదు.

ఇక రెండో రకం పేరు, దూకుడు మనిషి అనే ముద్ర. బ్లఫ్‌తో పాట్ గెలిచి, చూపించాల్సిన అవసరం లేకపోయినా ముక్కలు తిప్పి చూపించేవాళ్లను చూస్తుంటాం. చిప్స్ ఖర్చు కాలేదు కదా, ఉచితమే అనుకుంటారు. నా లెక్కలో రెండింట్లోకీ ఇదే ఖరీదైనది. మన మీద నమ్మకం పోయిన ఆ ముగ్గురు 60 శాతం బదులు 45 శాతమే ఫోల్డ్ చేస్తే, పైన చెప్పిన 1,240 లాభం కాస్తా 170 నష్టంగా మారుతుంది. మంచి ముక్కలు పడ్డప్పుడు కాల్స్ ఎక్కువ వస్తాయన్నది నిజమే. పాట్ 30,000 ఉండగా గెలిచే ముక్కలతో రివర్‌లో (టేబుల్ మీద చివరి ముక్క తెరిచాక) 20,000 వేస్తే, కాల్ చేసేవాళ్లు 35 నుంచి 45 శాతానికి పెరిగినందుకు సగటున 2,000 అదనం. కానీ అలాంటి ముక్కలు ఎంతసేపటికి ఒకసారి పడతాయి? బ్లైండ్లు లాగేసుకునే అవకాశం దాదాపు ప్రతి రౌండులోనూ వస్తుంది. స్టాకులు (ఒక్కొక్కరి ముందున్న చిప్స్) తగ్గుతున్నకొద్దీ మనల్ని బతికించేది అదే.

ఆట మొదట్లో, ఒక్కొక్కరి ముందూ 100 బిగ్ బ్లైండ్లు (పెద్ద బ్లైండుకు వంద రెట్ల చిప్స్) ఉన్నప్పుడు ఈ దూకుడు ముద్రకు కొంత విలువుంది. అప్పుడు బ్లైండ్లలో దక్కేది స్వల్పం, ఒక్క పెద్ద పాట్‌లో కాల్ పడితే స్టాకు రెట్టింపు. అప్పటి ముద్ర చివరిదాకా వెంట రాదు, అది వేరే సంగతి.

బహుమతుల గీతకు ఒకటి రెండు స్థానాల దూరంలో ఈ ముద్ర మరీ ప్రమాదం. అక్కడ పోగొట్టుకునే చిప్‌కున్నంత విలువ గెలిచే చిప్‌కు ఉండదు. దూకుడు మనిషి అనుకుని ఎవరైనా బలహీనమైన ముక్కలతో మన ఆల్ ఇన్‌కు (ఉన్న చిప్స్ అన్నీ వేసిన పందేనికి) కాల్ చేస్తే నష్టం ఇద్దరికీ, లాభం చేతులు కట్టుకుని చూస్తున్న మిగతావాళ్లకు.

అసలు పేరును కొనాల్సిన అవసరమే చాలాసార్లు ఉండదు. గంటసేపు చెత్త ముక్కలు పడితే పిసినారి అన్న పేరు ఊరికే వస్తుంది. వరుసగా నాలుగుసార్లు మంచి ముక్కలు పడి రైజ్ చేస్తే, నిజాయితీగా ఆడినా దొంగ అంటారు. టోర్నమెంటులో ఆల్ ఇన్ అయి పందెం ముగిశాక ముక్కలు తెరవక తప్పదు. 10 బిగ్ బ్లైండ్లతో బటన్ (ముక్కలు పంచేవాడి స్థానం) మీద నుంచి లెక్క ప్రకారమే ఆల్ ఇన్ తోసినా, మన చేతిలో తొమ్మిది, ఏడు చూసినవాళ్లు తెగించాడనే అనుకుంటారు. మనకు తెలిసిన మనం వేరు, వాళ్లు చూసిన మనం వేరు. ఆ రెండోదాన్ని గుర్తుపట్టి వాడుకోవడమే పని.

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంటులో 839 మంది ఆడారు. చివరికి మిగిలినవాళ్లు ఇద్దరు: ఇంటర్నెట్ పోటీలో అర్హత సాధించి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, అనుభవజ్ఞుడు శామ్ ఫర్హా. రాజు, ఏడుతో ఏ జోడీ కలవకపోయినా మనీమేకర్ రివర్‌లో ఆల్ ఇన్ అన్నాడు. తొమ్మిదుల జోడీ ఉన్న ఫర్హా ఆలోచించి ఫోల్డ్ చేశాడు. ఫర్హా మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ కొత్తవాడన్న పేరును మనీమేకర్ చిప్స్ పోసి కొనుక్కోలేదు. అది అతనితోపాటే వచ్చింది.

ఒక విషయంలో నాకు ఓపిక తక్కువ. 'నన్ను బెదిరించలేరని తెలియాలి' అంటూ ఓడిపోతానని తెలిసీ కాల్ చేయడం. సగం పాట్ పందేనికి కాల్ చేయాలంటే కనీసం 25 శాతం గెలిచే అవకాశం కావాలి. 15 శాతం ఉన్నచోట కాల్ చేసి దాన్ని ఇమేజ్ ఖాతాలో రాసుకోవడం అరచేతిలో వైకుంఠం చూసుకోవడమే. భయపడి రైజ్ మానేసి ఇమేజ్ అనేవాళ్లదీ అదే వరస.

పేరు కోసం నేను నిజంగా చిప్స్ వదులుకునేది ఫైనల్ టేబుల్‌లోనే, అంటే మిగిలినవాళ్లంతా కూర్చునే చివరి టేబుల్‌లోనే. అక్కడ టేబుల్ విడిపోదు, అందరూ కళ్లప్పగించి చూస్తుంటారు, ఒక్కో స్థానానికీ బహుమతి పెరుగుతుంది. నా ఎడమ పక్కన కూర్చున్నవాడు నా రైజ్‌లకు వరుసగా రెండుసార్లు రీరైజ్ చేశాడంటే, మూడోసారి 200, 300 చిప్స్ లాభం కనిపిస్తున్నా ఫోల్డ్ చేస్తాను. నాలుగోసారి ఆసుల జోడీ పడాలని కోరుకుంటూ.